పెంటకుప్ప వేడీ, పారిస్ కౌలుదార్ల మట్టీ

పుష్యమాసం చలిలో తెల్లవారుజామున ఆదిలాబాద్ పల్లెల్లో తిరిగిన వాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. ఊరి బయట పెంటకుప్పల మీద నుంచి పొగలాగా ఆవిరి లేస్తుంటుంది. కుక్కలు ఆ కుప్పల పక్కనే ముడుచుకుని పడుకుంటాయి. ఒకసారి మేము అటుగా పోతూ, గంపకు పెంట ఎత్తుతున్న ఒక కూలి పెద్దమ్మను అడిగాం: "ఏం పెద్దమ్మా, లోపల అంత వేడి ఉంటదా?"

"సెయ్యి పెట్టి సూడు బిడ్డా" అన్నది.

పెట్టాం. మోచెయ్యి దాకా పోకముందే చురుక్కుమని వెనక్కి తీశాం. ఆమె నవ్వింది. "పొద్దుగాల పనికొస్తే ముందుగాల ఈడనే కాళ్లు కాపుకుంటం" అన్నది. యాసంగి నార్లు పోసే రోజుల్లో నానేసిన వడ్లు చలికి మొలకెత్తక మొరాయిస్తే, మండె కట్టిన సంచిని ఆ కుప్పలోనే సందు చేసి దించి, పైన గడ్డి కప్పుతామని కూడా చెప్పింది. అయితే వేడి మరీ ఎక్కువైన చోట దించితే గింజ ఉడికిపోతుందట. ఎక్కడ దించాలో చేతికే తెలుస్తుందట.

ఈ వేడినే నమ్ముకుని చలిదేశాల్లో కొన్ని వేలమంది బతికారు. మంచు కురిసే జనవరిలో పచ్చని ఆకుకూర పండించి నగరానికి అమ్మారు. బొగ్గు కాల్చలేదు, చమురు కొనలేదు. ఆ కథ మన వ్యవసాయ కార్మికులూ, కౌలు రైతులూ తెలుసుకోదగినది. అందులో పెంట గురించి ఎంత ఉందో, మనుషుల గురించి అంతకంటే ఎక్కువ ఉంది.

ముందు వేడి సంగతి. పేడా, చెత్తా, గడ్డీ కలిసి కుళ్లేటప్పుడు కంటికి కనపడని సూక్ష్మజీవులు వాటిని తింటాయి. మనం అన్నం తిని ఒంట్లో వేడి పుట్టించుకున్నట్టే అవీ వేడి పుట్టిస్తాయి. వాటికి తిండితోపాటు గాలి కావాలి, తడి కావాలి. పేడ ఒక్కటే పోస్తే ముద్దకట్టి గాలి ఆడదు. గడ్డి ఒక్కటే వేస్తే నత్రజని చాలక పని నడవదు. రెండూ పాళంగా కలిసి, పిండితే చుక్క రాలీ రాలనంత తడి ఉండి, కుప్ప నిలువునా అడ్డంగా కనీసం మీటరుంటే లోపల 55, 60, 65 డిగ్రీల దాకా ఎక్కుతుంది. 70 దాటితే ఆ జీవులే చాలావరకు చచ్చిపోతాయి. గాలి అయిపోతే కుప్ప చల్లబడుతుంది, తిరగేస్తే మళ్లీ రాజుకుంటుంది. తడి గడ్డిని వామి వేస్తే లోలోపల వేడెక్కి ఒక్కోసారి నిప్పంటుకుంటుందని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని మొదలు కూడా ఇదే.

ఇక పారిస్ సంగతికి వద్దాం. 19వ శతాబ్దంలో ఆ నగరం చుట్టూ కూరగాయల తోటల వాళ్లుండేవారు. ఫ్రెంచిలో వారిని 'మరైషే' అంటారు. 1845లో మొరో, దావెర్న్ అనే ఇద్దరు తోటమాలులు తమ వృత్తి గురించి ఒక పుస్తకం రాశారు. పండితులు కాదు, చేతులు మట్టిలో పెట్టినవాళ్లే రాసిన పుస్తకం. అప్పటికి సుమారు 1,400 హెక్టార్లలో 1,800 తోటలు, వాటిలో 9,000 మంది పనిచేసేవాళ్లు ఉన్నారని అందులో లెక్క. అంటే తోటకు సగటున రెండెకరాల లోపు. ఆ కాస్త నేల మీద ఏడాది పొడవునా ఒక పంట మీద ఇంకో పంట తీశారు.

ఎలా? ఆ రోజుల్లో పారిస్ బండ్లన్నీ గుర్రాలవే. నగరమంతా గుర్రపుశాలలు. రోజూ తట్టలకొద్దీ లద్దె, కింద పరిచిన గడ్డితో సహా, బయటికి పోవలసిందే. తోటమాలి ఉదయం కూరగాయల బండి తోలుకుని నగరానికి పోయేవాడు, వచ్చేటప్పుడు అదే బండిలో లద్దె నింపుకుని వచ్చేవాడు. చలికాలం ముందు ఆ లద్దెను పాతదీ కొత్తదీ కలిపి, మూరెడు మించిన ఎత్తున మడిలా పేర్చి, కాళ్లతో తొక్కేవారు. దాని మీద జానెడు లోపు మాగిన నల్లమట్టి. దాని మీద గాజుపలకల చట్రాలు, లేకపోతే గంట ఆకారంలో ఉండే గాజు బుడ్లు. మొత్తం తోటల్లో ఈ గాజు గంటలే ఇరవై లక్షలకు పైగా ఉండేవని ఆ పుస్తకం చెబుతుంది.

మొదటి రోజుల్లో మడి కుతకుతలాడుతుంది. అప్పుడు గింజ వేస్తే మన పెద్దమ్మ చెప్పినట్టు ఉడికిపోతుంది. కాస్త తగ్గాకే ముల్లంగి, సలాడు ఆకు, కేరట్ గింజలు చల్లేవారు. కొన్ని వారాలకు వేడి తగ్గుతూ వస్తే మడుల మధ్య దారుల్లో కొత్త లద్దె కూరి పక్కల నుంచి మళ్లీ కాకపెట్టేవారు. మంచు పడే రాత్రి చట్రాల మీద గడ్డిచాపలు కప్పాలి, తెల్లవారగానే తీసి వెలుతురు తగలనివ్వాలి, ఎండ కాస్తే గాజు కొంచెం ఎత్తి గాలి వదలాలి. ఇరవై లక్షల గాజు గంటలంటే ఇరవై లక్షలసార్లు వంగి లేవడమన్న మాట.

పొయ్యి లేదు కాబట్టి ఈ వేడి ఉచితమని కొందరు రాస్తారు. అది మాకు మింగుడు పడదు. లద్దె ఎత్తిన చేతులు, తొక్కిన కాళ్లు, అర్ధరాత్రి చాపలు కప్పిన ఆడవాళ్లు, పిల్లలు – ఇవన్నీ ఆ ఇంధనం ఖర్చులోవే. తెల్లవారకముందు లేచి రాత్రి పొద్దుపోయే దాకా పనిచేసేవారు. బొగ్గుకయితే డబ్బు లెక్క రాస్తారు. చెమటకు, అందులోనూ ఇంటి ఆడవాళ్ల చెమటకు, ఖాతా పుస్తకంలో గడి ఉండదు.

అయితే ఆ తోటమాలులు ఒక్క విషయంలో లెక్క వదులుకోలేదు. రష్యా నుంచి ప్రవాసం పోయిన క్రొపోట్కిన్, 1899లో వెలువడిన 'పొలాలు, ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు' అనే పుస్తకంలో ఈ తోటలను గురించి రాస్తూ ఒక ముచ్చట చెప్పాడు. వేడిమడి కాలం అయిపోయాక ఆ లద్దె మాగి నల్లటి మట్టిగా మారుతుంది. ఏటా అది తోటలో పేరుకుంటుంది. పదేళ్లు తిరిగేసరికి కింద ఉన్న అసలు నేల ఏ రకమైనా పైన పండించేది మాత్రం తోటమాలి తయారుచేసిన మట్టే. ఆ తోటమాలుల్లో చాలామంది కౌలుదార్లు. అందుకని వాళ్ల కౌలు ఒప్పందాల్లో ఒక షరతు మామూలుగా ఉండేది: తోట వదిలిపోయేటప్పుడు పై మట్టిని ఇంత లోతు వరకు తవ్వి తీసుకుపోయే హక్కు కౌలుదారుకు ఉంటుంది!

ఇది చదివినప్పుడు మేము ఆ పేజీ మీదే చాలాసేపు ఆగిపోయాం. నేల యజమానిది. కాని మట్టి చేసినవాడిది. చట్రాలూ, గాజు గంటలూ, పనిముట్లూ ఎలా బండికెక్కిస్తారో మట్టినీ అలాగే ఎక్కించుకుని కొత్త తోటకు తోలుకుపోయేవారు.

ఆ తోటలు ఎందుకు పోయాయి? కొంత రైలు వల్ల. ఎండకాసే దక్షిణ ఫ్రాన్సు నుంచి, అప్పటి వలసదేశం అల్జీరియా నుంచి చలికాలంలోనే కూరగాయలు రావడం మొదలైంది. కొంత నగరం పెరిగి తోటలను మింగడం వల్ల. మిగిలింది మోటారు పూర్తిచేసింది. 1913 జనవరిలో పారిస్‌లో ఆఖరి గుర్రపు బస్సు ఆగిపోయింది. గుర్రం పోతే లద్దె పోయింది, లద్దె పోతే వేడి పోయింది. తరువాత గాజు ఇళ్లు కట్టినవాళ్లు బొగ్గు కాల్చారు, ఆ పైన చమురు, గ్యాసు. పెట్టుబడి ఉన్నవాడి పంట అయింది.

1973లో చమురు ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలయ్యేసరికి మళ్లీ కుప్ప గుర్తొచ్చింది. దక్షిణ ఫ్రాన్సులో విల్లెక్రోజ్ దగ్గర ఒక అడవి ఎస్టేటు కాపలాదారు జాఁ పేఁ అప్పటికే ఈ పని మీద ఉన్నాడు. అడవిలో నిప్పు పాకకుండా పొదలు కొట్టించడం ఆయన పనిలో భాగం. కొట్టిన కంపను ముక్కలు చేసి, తడిపి, సుమారు 50 టన్నుల కుప్ప వేశాడు. మన ట్రాక్టర్లకు పదిహేనిరవై ట్రక్కులు. లోపల 200 మీటర్ల ప్లాస్టిక్ గొట్టం చుట్టాడు. ఒక కొస నుంచి 10 డిగ్రీల చల్లటి నీళ్లు పోతే రెండో కొస నుంచి నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున 60 డిగ్రీల వేడినీళ్లు నెలల తరబడి వచ్చాయని ఆయన చెప్పాడు. గంటకు 240 లీటర్లు! ఆ నీళ్లు ఇంటినీ వెచ్చబరచగలవు, గాజు ఇంటినీ వెచ్చబరచగలవు. భార్య ఇదా కలిసి రాసిన పుస్తకం చాలా భాషల్లోకి పోయింది. ఆయన 1981లో చనిపోయాడు. తరువాత చేసిచూసిన వాళ్లలో కొందరికి అంత వేడి రాలేదు. ఆశకొద్దీ నీళ్లు ఎక్కువ పారిస్తే కుప్పే చల్లబడి పడుకుంటుంది. పాలు పితికినట్టే ఇది కూడా, గేదె ఇచ్చిందే తీసుకోవాలి.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1983లో కుప్పను గాజు ఇంటి గోడకు ఆనించి గదుల్లో పెట్టి చూశారు. అక్కడ ఒక పాఠం తేలింది. కుప్ప నుంచి వేడి ఒక్కటే రాదు. బొగ్గుపులుసు గాలీ వస్తుంది, అమ్మోనియా కూడా వస్తుంది. మొదటిది మొక్కకు తిండి. రెండోది ఘాటెక్కితే ఆకు మాడుతుంది. అందుకని ఆ గాలిని ఫ్యానుతో మడుల కింది మట్టిలోకి తోశారు. మట్టి అమ్మోనియాను పట్టుకుని, వేడినీ బొగ్గుపులుసు గాలినీ పైకి వదిలింది. కాని ఇల్లంతా వెచ్చబడేంత కుప్ప పెడితే నత్రజని మొక్కల అవసరాన్ని ఎన్నో రెట్లు మించిపోయిందని వాళ్లే రాశారు. ఆ సంస్థ 1991లో మూతపడింది. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి: మూసిన గదిలో కుప్ప పెట్టి మనిషిని లోపలికి పంపడం ప్రాణాపాయం. గోబర్ గ్యాస్ గుంతల్లో, పాడుబావుల్లో దిగి ఊపిరాడక చచ్చిపోయిన కూలీల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఐరోపాలో గ్యాసు ధర మండిపోయినప్పుడు హాలెండ్‌లో ఎంతోమంది గాజు ఇళ్ల యజమానులు ఆ చలికాలం దీపాలార్పారు, నాట్లు వెనక్కి జరిపారు. పనివాళ్ల గతి ఏమయిందో ఆ వార్తల్లో ఎక్కువగా కనపడలేదు.

మనకు ఈ గొడవ ఎందుకు అనవచ్చు. నిజమే, మనకు గాజు ఇంటి అవసరం లేదు. వరి నారుమడికి ఈ పద్ధతి పనికిరాదు కూడా. నీళ్లు నిలిచిన చోట గాలి ఆడదు, వేడి పుట్టదు. ఉత్తర తెలంగాణ చలిలో యాసంగి నారు ఎర్రబడకుండా రాత్రి పాలిథిన్ పట్టాలో, కుట్టిన యూరియా సంచులో కర్రల మీద కప్పి ఉదయం తీయడం, సాయంత్రం మడిలోని నీళ్లు వదిలేసి పొద్దున కొత్త నీళ్లు పెట్టడం, ఇవే సరైన దారి. మండె సంచికి మాత్రం కుప్ప వేడి చాలు.

కాని పారిస్ ఒప్పందంలోని ఆ మట్టి షరతు మనది కాదని మేము అనలేం. డెల్టా జిల్లాల్లో పొలంలో దిగి సేద్యం చేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో వచ్చిన చట్టం యజమాని సంతకం ఉంటేనే కార్డు అన్నది, ఒప్పందాన్ని 11 నెలలకు పెట్టింది. దిబ్బ ఎరువు వేస్తే మొదటి పైరుకు అందేది కొంతే, మిగతాది రెండో ఏడు, మూడో ఏడు పైర్లకు అందుతుంది. 11 నెలల కౌలుదారు మూడేళ్ల ఎరువు ఎందుకు తోలాలి? యూరియా కట్ట అయితే చల్లిన పైరుకే పనిచేస్తుంది. సేంద్రియ సేద్యం చేయండని ఉపన్యాసాలిచ్చే వాళ్లు ఈ ముక్క మాట్లాడరు.

ఒక కౌలు రైతుల సమావేశంలో మేము ఈ పారిస్ సంగతి చెప్పాం. వెనక వరసలో కూర్చున్న ఒకాయన లేచి, "మట్టి తవ్వుకుపోతుంటే ఆసామి ఊరుకున్నాడా అండీ?" అని అడిగాడు. కాగితం మీద రాసుకున్నారు కాబట్టి ఊరుకోక తప్పలేదన్నాం. ఆయన కాసేపు ఆలోచించి తన సంగతి చెప్పాడు. నాలుగెకరాల చెక్క. రెండేళ్ల కిందట పది ట్రక్కుల పెంట తోలించాడు. ట్రాక్టరు కిరాయి, ఎత్తుడు కూలి, చిమ్ముడు కూలి, అన్నీ అప్పు తెచ్చే పెట్టాడు. మరుసటేడు పైరు బాగా వచ్చింది. అది చూసి ఆసామి కౌలు రెండు బస్తాలు పెంచాడు. కట్టలేనంటే చెక్క వేరే ఆయనకు పోయింది. ఇప్పుడు ఇంకో చోట రెండెకరాలు పట్టాడు. చవిటి నేల.

"ఆ పోయిన పెంట మాట వదిలెయ్యండి" అన్నాడు. "ఈ కొత్త చెక్కకి ఈ ఏడు తోలమంటారా, వద్దంటారా? అది చెప్పండి."

సభలో ఎవరూ వెంటనే మాట్లాడలేదు. ఆ తరువాత రెండు గంటలసేపు చర్చ ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. కౌలు కాగితంలో పెంట ఖర్చు కూడా రాయించాలనీ, మధ్యలో దింపేస్తే మిగిలిన రెండేళ్ల లెక్కన ఆసామి తిరిగి కట్టాలనీ ఊరూరా అడుగుదామని తీర్మానం రాశారు. ఉగాదికి కౌళ్లు మాట్లాడుకునే లోపలే ఆ పని మొదలుపెట్టాలని అనుకున్నారు.