పూర్వుల జాడ, ఊరి లెక్కలు

తాతగారి పేరు చెప్పగలము. ముత్తాతగారి పేరడిగిన తడుముకొందుము. కాని ఆయన పేరు ఏదో యొక సర్కారు లెక్కలో నిలిచియుండవచ్చును. దానిని వెదకుటకు ముందు, ఆనాడు మన ఊరు ఏ జిల్లాలో, ఏ ప్రభుత్వము క్రింద నుండెనో తెలిసికొనవలెను.

అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాయైనది. అంతకు పూర్వపు కాగితములను విశాఖపట్నము జిల్లా పేరిట వెదకవలెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడక మునుపటి మద్రాసు ప్రభుత్వపు దస్తావేజులు పెక్కు నేడు చెన్నైలోని ఎగ్మూరు పురాలేఖాగారమున నున్నవి.

ఈ సీమలో పెక్కు గ్రామములు జమీందారీలోనివి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము పిమ్మట జరిగిన సెటిల్మెంటులో, ఏ భూమి ఎవరిదో అడంగళ్లకెక్కినది. ఇనాము రిజిస్టర్లు 1860 ప్రాంతముల దాక దారి చూపును. క్రయవిక్రయముల జాడ రిజిస్ట్రారు కచేరీలో దొరకును. పొలము లేనివారికి జనన మరణముల రిజిస్టర్లే ఆధారము. ఆనాటి ఊళ్ల స్థితిగతులకు కార్మైకేల్ 1869లోను, ఫ్రాన్సిస్ 1907లోను వెలువరించిన జిల్లా గ్రంథములు కలవు.

అయితే ఏ రిజిస్టరు తెరచినను ముందుగా ఇంటిపేరు, ఊరిపేరు, పొలము పేరు తెలిసియుండవలెను. అవి మన ఇంటి పెద్దల జ్ఞాపకమునందే యున్నవి. కచేరీకి రేపు పోవచ్చును. మామ్మగారిని నేడే అడిగి వ్రాసికొందము.