రామదాసు కీర్తనలు: శ్రోతల ఎంపిక, బాణీల స్థిరీకరణ

నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ భద్రాచల రామాలయాన్ని నిర్మించిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దపు వాగ్గేయకారుడు. రామదాసుగా ప్రసిద్ధుడైన ఆయన కీర్తనలకు సమకాలీన స్వరలిపి లేదు. అవి ప్రధానంగా భజనగోష్ఠుల ద్వారా మౌఖికంగా ప్రచారమయ్యాయి. అందువల్ల ఏ కీర్తన, ఏ బాణీలో నిలవాలో నిర్ణయించినవారు గాయకులూ శ్రోతలే.

‘పలుకే బంగారమాయెనా’ ఇందుకు నిదర్శనం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఆనందభైరవిలో పాడిన బాణీ విస్తృతంగా ప్రచారం పొందడంతో, ఆ సాహిత్యాన్ని ఆ రాగం నుండి వేరుచేసి ఊహించడం నేటి శ్రోతకు కష్టం. మౌఖిక పరంపరలో అభిరుచి క్రమంగా ప్రమాణమయ్యే తీరు ఇదే.

భద్రాచలంలో జరిగే వాగ్గేయకారోత్సవాలలో నవరత్న కీర్తనల గోష్ఠిగానం ఈ ఎంపికకు సామూహిక రూపం. ఎంపికైన తొమ్మిదింటిని అది స్మృతిలో స్థిరపరుస్తుంది. మిగిలినవి వేదికకు దూరమయ్యే ప్రమాదమూ అందులోనే ఉంది.

కాబట్టి ప్రజాదరణను ప్రాచీనతకు ఆధారంగా గ్రహించరాదు. ముద్రిత సంకలనాలను ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల భజనబృందాల పాఠాలతో, బాణీలతో పోల్చి చూసినప్పుడే రామదాసు రచన ఎంత, తరువాతి తరాల అభిరుచి ఎంత అన్న వివేచన సాధ్యమవుతుంది. ఆ బృందాల్లోని వృద్ధ గాయకుల పాటలను నమోదు చేయడం అందుకు తొలిమెట్టు.