నడుమనున్న ఇల్లు ఏది?

బడిలో ప్రార్థనకు మీరంతా ఎత్తు ప్రకారం వరుసగా నిలబడతారు కదా! పొట్టివారు ముందు, పొడుగువారు వెనుక. ఆ వరుసకు సరిగ్గా మధ్యన ఉన్న విద్యార్థి ఎత్తును గణితంలో 'మధ్యగతం' అంటారు.

మనుషులనే కాదు, ఇళ్ళను కూడా ఇలా వరుసలో పెట్టవచ్చు. అయితే ఎత్తును బట్టి కాదు, ఆ ఇంట్లో వారందరి సంవత్సరాదాయాన్ని బట్టి. అమెరికాలో ఏటా ఈ లెక్క వేస్తారు. అక్కడి రాష్ట్రాలను కౌంటీలుగా విభజించారు. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా లాంటిది. అలాంటివి 3,100కు పైగా ఉన్నాయి. ప్రతి కౌంటీలోనూ నడుమనున్న ఇంటి ఆదాయం ఎంతో ఎలా తెలుసుకుంటారు?

సగటు ఎందుకు కాదు?

అయిదు ఇళ్ళ ఆదాయాలు 20, 30, 40, 50, 60 వేల డాలర్లు అనుకోండి. సగటు 40 వేలు, మధ్యగతం కూడా 40 వేలే. ఇప్పుడు అయిదో ఇంటివారికి హఠాత్తుగా 860 వేలు వచ్చాయి. సగటు ఎంతయింది? ఏకంగా 200 వేలు! కాని మిగిలిన నాలుగిళ్ళ వారికి పైసా కూడా పెరగలేదే! మధ్యగతం మాత్రం 40 వేల దగ్గరే నిలిచింది. ఒక్క ధనవంతుడి వల్ల అది మోసపోదు. అందుకే దానిని ఎన్నుకుంటారు.

మెతుకు పట్టి చూడటం

ప్రతి ఇంటినీ అడగటం చాలా ఖర్చుతో కూడిన పని. అందుకని కొన్ని ఇళ్ళనే అడుగుతారు. 2000 జనాభా లెక్కల్లో సుమారు ఆరిళ్ళలో ఒక ఇంటిని ఆదాయం అడిగారు. కాని అది పదేళ్ళకోసారి జరిగే పని. 2005 నుంచి దేశమంతటా ఏటా అమెరికన్ కమ్యూనిటీ సర్వే జరుగుతోంది. ఇప్పుడది ఏడాదికి సుమారు 35 లక్షల చిరునామాలకు వెళ్తుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. కాని ఇళ్ళు మెతుకుల్లా ఒకేలా ఉండవు! 2020లో లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా కోటి. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీ జనాభా 64 మంది! చిన్న కౌంటీలో సర్వేకు చిక్కేవి కొద్ది ఇళ్ళే. ఈ ఏడు నలుగురు ధనికులు తగిలితే అంకె పైకి, వచ్చే ఏడు నలుగురు పేదలు తగిలితే కిందికి పోతుంది. నిజానికి అక్కడ ఏమీ మారకపోవచ్చు.

అందుకే 65,000 జనాభా కంటే తక్కువ ఉన్న చోట్లకు ఈ సర్వే అయిదేళ్ళ జవాబులను ఒక్కచోట కలిపి అంకె చెబుతుంది. అంకె నిలకడగా ఉంటుంది, కాని అది ఏ ఒక్క సంవత్సరానిదీ కాదు.

మరో ఉపాయం

ఏ ఏటి అంకె ఆ ఏటికే కావాలంటే? సర్వేతోపాటు ఆదాయపు పన్ను పత్రాలు, ప్రభుత్వ ఆహార సహాయం పొందుతున్న వారి లెక్కలు కూడా చూస్తారు. ఇవి ఇలా ఉన్న కౌంటీలలో మధ్యగతం సాధారణంగా ఎంత ఉంటుందో గణిత సూత్రంతో లెక్కిస్తారు. ఒక కౌంటీకి సర్వే 52 వేలని, సూత్రం 44 వేలని చెప్పాయనుకోండి. అక్కడ చాలా ఇళ్ళను అడిగి ఉంటే జవాబు 52కు దగ్గరగా, కొద్ది ఇళ్ళనే అడిగి ఉంటే 44కు దగ్గరగా తీసుకుంటారు. పొరపాటు ఎంతవరకు ఉండవచ్చో కూడా పక్కనే ప్రకటిస్తారు.

ఇదంతా వట్టి లెక్కల సరదా కాదు. ఇటువంటి పద్ధతితోనే ఎక్కడ ఎంతమంది పేద బడిపిల్లలు ఉన్నారో కూడా అంచనా వేస్తారు. వారి చదువుకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిధుల పంపకం ఆ అంచనాల మీద ఆధారపడుతుంది. లెక్క తప్పితే ఏదో ఒక బడికి అందవలసిన డబ్బు తగ్గిపోతుందన్నమాట!

పెరిగిందా, పెరిగినట్లుందా?

అమెరికా మొత్తానికి 1989లో ఇంటి ఆదాయ మధ్యగతం 30,056 డాలర్లు, 1999లో 41,994 డాలర్లు. చాలా పెరిగిందే అనిపిస్తుంది! కాని ఆ పదేళ్ళలో ధరలు కూడా సుమారు మూడోవంతు పెరిగాయి. 1989లో 30,056 డాలర్లకు వచ్చిన సరుకులు కొనడానికి 1999లో సుమారు 40,000 కావాలి. అసలు పెరుగుదల కొంచెమే!

మరో చిక్కు కూడా ఉంది. ఒక కౌంటీలో అద్దెలు పెరిగి పేదలు వెళ్ళిపోయి, ధనికులు వచ్చి చేరితే మధ్యగతం పెరుగుతుంది. కాని ఏ పేదవాడి ఆదాయమూ పెరగలేదు! సరిహద్దులూ మారుతుంటాయి. 2001లో కొలరాడోలో నాలుగు కౌంటీల భాగాలతో బ్రూమ్‌ఫీల్డ్ అనే కొత్త కౌంటీ ఏర్పడింది. అటువంటి చోట పాత అంకెనూ కొత్త అంకెనూ నేరుగా పోల్చకూడదు.

మీరూ చేసి చూడండి

కాగితపు ముక్కల మీద 1 నుంచి 99 వరకు అంకెలు వేసి, మడిచి డబ్బాలో పోయండి. వీటి మధ్యగతం 50. చూడకుండా అయిదు ముక్కలు తీసి, వాటి మధ్యగతం రాసుకోండి. ముక్కలను తిరిగి డబ్బాలో వేసి కలపండి. ఇలా పదిసార్లు చేయండి. తర్వాత ఒక్కోసారి 25 ముక్కలు తీస్తూ మళ్ళీ పదిసార్లు చేయండి. ఏ పది జవాబులు 50 చుట్టూ దగ్గరగా చేరాయి? చిన్న కౌంటీ కష్టమేమిటో మీకే అర్థమవుతుంది!