టైరు ఒక పక్కే ఎందుకు అరుగుతుంది?

మీ పాత చెప్పుల్ని తిరగేసి చూడండి. కొందరి చెప్పు మడమ దగ్గర ఒక పక్కే అరిగి ఉంటుంది. తప్పు చెప్పుది కాదు. పాదం వంకరగా పడుతోంది. బండి టైరు కూడా అంతే.

మదనపల్లె టమాట మార్కెట్టుకు ఊళ్ళ నుంచి ఎన్నో పికప్ బండ్లు వస్తాయి. అప్పు చేసి బండి కొన్నవాళ్ళు నెలనెలా కిస్తు కట్టాలి. ఇంతలో ముందు టైర్లు రెండూ గుండయిపోతే? కొత్త జతకు వేలల్లో ఖర్చు. కిస్తు డబ్బు కాస్తా టైర్ల పాలవుతుంది. టైరు బాగా అరిగిపోయి దారిలో పేలితే? అప్పుడు ప్రాణానికే ముప్పు. వెనక తొట్టిలో కూలీలు ఉంటే ఎగిరి పడతారు. సరకు బండి తొట్టిలో మనుషుల్ని ఎక్కించకూడదనేది అందుకే.

అలైన్‌మెంట్ అంటే ఏమిటి?

స్టీరింగ్‌కూ ముందు చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీలు ఉంటాయి. స్టీరింగ్ నేరుగా పట్టుకుంటే రెండు చక్రాలూ నేరుగా ముందుకు చూడాలి. పక్కకు వాలకూడదు. చక్రాలను ఇలా సరిచెయ్యడాన్నే వీల్ అలైన్‌మెంట్ అంటారు.

చక్రం గుంతలో దబ్బున పడుతుంది. రాయికి గుద్దుకుంటుంది. కడ్డీ వంగుతుంది. కీళ్ళు వదులవుతాయి. అప్పుడు చక్రాలు కొంచెం లోపలికో, బయటికో తిరుగుతాయి. బండి మాత్రం ముందుకే పోవాలి కదా! అందుకని టైరు దొర్లుతూనే పక్కకు కూడా రాసుకుంటుంది.

కొంచెం తేడాకే ఇంత నష్టమా?

గడియారంలో పెద్ద ముల్లు ఒక నిమిషానికి ఎంత కదులుతుంది? కొంచెమే. అందులో ఆరో వంతును ఒక డిగ్రీ అంటారు. చక్రం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకోండి. కిలోమీటరు పోయేసరికి టైరును 17 మీటర్లు పక్కకు ఈడ్చినట్టే. అంటే మూడు చీరలు వరసగా పరిచినంత పొడవు! 100 కిలోమీటర్లు తిరిగితే 1,700 మీటర్లు. టైరు అరగక ఏమవుతుంది?

ఎలా కనిపెట్టాలి?

బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేయించి, టైరును చూడండి.

ఒక అంచే అరిగిందా? అలైన్‌మెంట్ తప్పి ఉండవచ్చు.
రెండు అంచులూ అరిగి, నడుమ బాగుందా? గాలి తక్కువైంది.
నడుమ మాత్రమే అరిగిందా? గాలి ఎక్కువైంది.

ఇప్పుడు అరచేతితో టైరును అడ్డంగా మెల్లగా తడమండి. తీగలు బయటపడి ఉంటే మాత్రం తాకవద్దు, చెయ్యి తెగుతుంది. ఒక వైపు తడిమితే నున్నగా, తిరిగి వస్తుంటే రంపంలా గరుగ్గా ఉందా? టైరు పక్కకు రాసుకుంటోందన్నమాట.

డ్రైవరును కూడా అడగండి. నేరు దారిలో బండి ఒక పక్కకు లాగుతోందా? బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉందా? లాగుతుంటే ముందు గాలి చూపించండి. ఒక టైరులో గాలి తగ్గినా బండి లాగుతుంది.

“ఏం కాదులేమ్మా, ఇంకో నెల నడుస్తుంది” అని డ్రైవరు అనవచ్చు. ఆ నెలలోనే టైరు పోవచ్చు. అలైన్‌మెంట్‌కు అయ్యేది మామూలుగా వందల్లోనే.

షాపులో ఏం అడగాలి?

మొదట గాలి సరిచూడాలి. తర్వాత కీళ్ళు వదులుగా ఉన్నాయేమో చూడాలి. వదులు కీళ్ళు మార్చకుండా అలైన్‌మెంట్ చేస్తే నిలవదు. డబ్బు దండగ. స్టీరింగ్ వణుకుతుంటే ఆ సంగతి విడిగా చెప్పండి. చాలాసార్లు దానికి బ్యాలెన్సింగ్ చెయ్యాలి. అది వేరే పని.

కంప్యూటర్ మిషను ఉన్న చోట కొలతల కాగితం అడిగి తీసుకోండి. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా, అంకెలు మీరు చదవగలరు. పనికి ముందు కొలత ఏది, తర్వాత కొలత ఏది, ఎంత నుంచి ఎంత లోపు ఉండాలి అని అడగండి. తర్వాత కొలత ఆ రెండు అంకెల మధ్య ఉంటే పని సరిగా జరిగినట్టు. ఆ కాగితం దాచుకోండి.

గుర్తుంచుకోండి

కొత్త టైర్లు వేసినప్పుడు, చక్రం గట్టిగా గుద్దుకున్నప్పుడు, స్టీరింగ్ కీళ్ళు మార్చినప్పుడు అలైన్‌మెంట్ చూపించాలి. మామూలుగా అయితే 5 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి చూపిస్తే మంచిది.

టైరు గాళ్ళలో అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. ఇక మార్చాల్సిందే.

చేసి చూడండి

మీ ఊళ్ళో ఆగి ఉన్న పికప్ ముందు టైర్లు రెండూ చూడండి. ఎక్కడ అరిగాయి? ఎందుకు అరిగాయి? పక్కవాళ్ళకు చెప్పండి.