కోర్టు వాయిదా తప్పిపోకుండా: ఒక్క మెసేజ్‌తో మీ కేసు తేదీ తెలుసుకోండి

ఛత్రినాకలో బండి మీద పండ్లు అమ్ముకునే ఒకాయన మీద చిన్న గొడవ కేసు ఉందనుకుందాం. బెయిలు వచ్చింది. వాయిదా తేదీ రాసుకున్న చీటీ ఎక్కడో పోయింది. ఆ రోజు కోర్టుకు పోలేదు. కేసు చిన్నదే, కానీ జడ్జిగారు నాన్‌బెయిలబుల్ వారెంట్ ఇవ్వొచ్చు. జామీను ఉన్నవాళ్ల మీద కూడా డబ్బు పడొచ్చు. బెయిలు మీద ఉండి సరైన కారణం లేకుండా హాజరు కాకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 269 కింద అది వేరే నేరం. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

చాలామంది కావాలని ఎగ్గొట్టరు, మరచిపోతారు. న్యూయార్క్ నగరంలో వాయిదాకు ముందు ఫోన్‌కు మెసేజ్‌లు పంపి చూస్తే, హాజరు కానివాళ్లు ఐదో వంతు తగ్గారని 2020లో ఒక అధ్యయనం వచ్చింది. మన దగ్గర ఈ-కోర్ట్స్ మెసేజ్ సేవ ఉంది. మనం అడిగితే అది జవాబు ఇస్తుంది.

మెసేజ్ ఎలా పంపాలి?

1. ముందు మీ కేసు సీఎన్‌ఆర్ నంబరు తీసుకోండి. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. వకీలును అడగండి. లేదా ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం, పోలీస్ స్టేషన్ పేరు రాసుకుని కోర్టులోని ఈ-సేవా కేంద్రంలో అడగండి.
2. ఫోన్‌లో ఇంగ్లీష్ అక్షరాలతో ఈకోర్ట్స్ (ఇ, సి, ఓ, యు, ఆర్, టి, ఎస్) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సీఎన్‌ఆర్ నంబరు కొట్టండి.
3. 9766899899కు పంపండి. బటన్ల ఫోన్ అయినా చాలు, నెట్ అక్కర్లేదు.

వాయిదాకు రెండు రోజుల ముందు ఒకసారి, కోర్టు నుంచి వచ్చిన మర్నాడు ఒకసారి పంపండి. వచ్చిన తేదీని వకీలుతో సరిచూసుకోండి. మెసేజ్ రాలేదన్నది కోర్టులో సాకుగా పనికిరాదు. మీ ఫోన్ నంబరు కేసు రికార్డులో ఎక్కించమని కూడా వకీలుకు చెప్పండి.

ఆ రోజు పోలేకపోతే?

ముందే వకీలుకు చెప్పండి. ఆయన ఆబ్సెంట్ పిటిషన్ వేస్తారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం జడ్జిగారి ఇష్టం. ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు చీటీ దాచిపెట్టండి.

వాయిదా ఇప్పటికే తప్పిపోతే?

దాక్కోవద్దు. వారెంట్ దానంతట అది పోదు, కోర్టు రద్దు చేసేదాకా ఉంటుంది. వెంటనే వకీలుతో కోర్టుకు పోయి వారెంట్ రీకాల్ పిటిషన్ వేయించండి. మీరే ముందుకొస్తే జడ్జిగారికి కారణం చెప్పుకునే వీలుంటుంది.

వకీలుకు డబ్బుల్లేకపోతే?

ఉచిత న్యాయ సహాయం మీ హక్కు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, ఆదాయం తక్కువున్నవాళ్లు అర్హులు. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. 15100కు ఫోన్ చేయండి. లేదా పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో, నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఉన్న న్యాయ సేవా సంస్థ ఆఫీసుకు కేసు కాగితాలు, ఆధార్ తీసుకుని పోండి.

జాగ్రత్త: వాయిదా చెప్పే మెసేజ్ డబ్బు అడగదు, ఓటీపీ అడగదు. "మీ మీద వారెంట్ ఉంది, ఇప్పుడే పైసలు పంపండి" అంటే అది మోసం. లింకు నొక్కొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.