నిద్రలో అకాల మరణం – గుండె లయదోషం

వృద్ధులు నిద్రలో ప్రశాంతంగా తనువు చాలిస్తే దానిని అనాయాస మరణమనీ, పుణ్యఫలమనీ భావించడం మన సంప్రదాయం. కానీ ఆరోగ్యవంతుడైన పాతికేళ్ల యువకుడు రాత్రి పడుకొని తెల్లవారి లేవకపోతే ఆ మాటతో సరిపెట్టుకోరాదు. హృద్రోగ వైద్యునిగా భక్తమహాశయులకు నేను చేసే విన్నపం ఒక్కటే: అటువంటి మరణం సంభవించిన ఇంట మిగిలినవారికి గుండె పరీక్ష అవసరం.

ఈ దుఃఖం ఆసియాలోని పలు దేశాలకు చిరకాలంగా తెలుసు. థాయిలాండ్‌లో దీనిని ‘లాయ్ తాయ్’ అనీ, ఫిలిప్పీన్స్‌లో ‘బంగుంగోట్’ అనీ, జపాన్‌లో ‘పొక్కురి’ అనీ పిలుస్తారు. థాయ్ పల్లెల్లో వితంతు ప్రేతం వచ్చి యువకులను తీసుకుపోతుందని నమ్మి, దానిని ఏమార్చడానికి కొందరు పురుషులు స్త్రీవేషంతో నిద్రించేవారు. 1970ల చివర లావోస్ నుండి అమెరికా చేరిన హ్మాంగ్ శరణార్థులలోనూ ఇటువంటి మరణాలు సంభవించాయి. శవపరీక్షలో గుండె నిర్మాణంలో మరణకారణమైన లోపం కనిపించకపోవడం వైద్యులను కలవరపరచింది.

1992లో పెడ్రో, జోసెప్ బ్రుగాడా సోదరులు 8 మంది రోగుల ఈసీజీలలో ఒక ప్రత్యేక లక్షణాన్ని గుర్తించి ప్రకటించారు. లాయ్ తాయ్ బారినపడిన థాయ్ పురుషులలో పలువురికి అదే లక్షణం ఉన్నట్లు 1997లో వెల్లడైంది.

గుండె విద్యుత్ ప్రేరణతో కొట్టుకుంటుంది. గుండె కణాలలోకి సోడియం ప్రవేశించే సూక్ష్మద్వారాలలో కొందరికి జన్యులోపం ఉంటుంది. అప్పుడు ప్రేరణ గతితప్పి గుండె కింది గదులు వణుకుతాయి. మెదడుకు రక్తం అందదు. గుండె వేగం తగ్గే నిద్రావేళలో ఈ ముప్పు ఎక్కువ. జ్వరం, అతి మద్యపానం, కొన్ని మందులు దానిని పెంచుతాయి. బాధితులలో అధికులు పురుషులే. తల్లికి గాని తండ్రికి గాని ఈ జన్యులోపం ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం.

‘ఎవరి దిష్టి తగిలింది? ఏ పాపం చేశాము?’ అని నా వద్దకు వచ్చే తల్లులు అడుగుతుంటారు. ఇది దిష్టీ కాదు, పాపమూ కాదు. కారణం లేకుండా స్పృహ తప్పడం, నిద్రలో ఊపిరి కోసం పెనుగులాడడం, కుటుంబంలో అకాల మరణం – వీటిలో ఏది ఉన్నా ఈసీజీ తీయించాలి. అది నొప్పిలేని పరీక్ష. ఒకసారి మామూలుగా వచ్చినా, వైద్యులు కోరితే మళ్లీ తీయించుకోవాలి. ముప్పు అధికంగా ఉన్నవారికి చర్మం కింద అమర్చే ఐసీడీ పరికరం గతితప్పిన లయను విద్యుత్ఘాతంతో సరిచేస్తుంది. ఈ లోపం ఉన్నవారు జ్వరాన్ని వెంటనే తగ్గించుకోవాలి. ఎవరైనా పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీయకపోతే 108కి ఫోన్ చేసి, సహాయం వచ్చేవరకు రొమ్ము నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

దూరమైన బిడ్డ పేరిట అన్నదానం చేయించే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. ఆ బిడ్డ తోబుట్టువులకు ఈసీజీ తీయించడమూ అంతటి పుణ్యకార్యమే.