సోమన మా గ్లాసు ముట్టుకుంటాడా?

ఇష్టమైన రచయితతో ఒక సాయంత్రం కూర్చుని, ఏదైనా తాగుతూ మాట్లాడే అవకాశం వస్తే ఎవరిని ఎంచుకుంటారు? సాహిత్య ఇంటర్వ్యూలలో తరచుగా వినిపించే సరదా ప్రశ్న ఇది. దీని వెనుక ఒక నమ్మకం దాగి ఉంది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకే పాత్రలోంచి ఒంపుకొని తాగడం సహజమని ఈ ప్రశ్న ముందే ఒప్పేసుకుంటుంది. కుల సమాజంలో అది ఎన్నడూ సహజం కాదు.

తండ్రిని చూడడానికి కోరేగావ్ బయలుదేరిన బాల అంబేడ్కర్ దగ్గర తినడానికి అన్నం ఉంది, తాగడానికి చుక్క నీరు దొరకలేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన స్వయంగా రాసుకున్న అనుభవం ఇది. ఆ బాలుడే పెద్దవాడై 1927 మార్చి 20న మహాడ్‌లోని చవదార్ చెరువు నీటిని దోసిట పట్టి తాగితే అది చరిత్ర అయింది. మన ఊళ్ల హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి నిన్నమొన్నటి సంగతే. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలో రద్దు చేసింది. 1955లో ఒక చట్టం, 1989లో మరొక చట్టం వచ్చాయి. అయినా నేటికీ ప్రతి నెలాఖరున అధికారులు గ్రామానికి వెళ్లి పౌరహక్కుల దినం జరిపి, దళితులతో కలిసి భోంచేయవలసి వస్తున్నది. కలిసి తినడానికి ప్రభుత్వ కార్యక్రమం అవసరమైన దేశంలో, రచయితతో కలిసి తాగడం అన్నది సరదా ప్రశ్న కాజాలదు.

ఇదే ప్రశ్నను ఒకసారి పీజీ తరగతిలో విద్యార్థుల ముందు పెట్టాను. శ్రీశ్రీ పేరు, చలం పేరు వెంటవెంటనే వచ్చాయి. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం పేరు చెప్పలేదు. "ఆయన మా ఇంటికొస్తే మేమిచ్చిన నీళ్లు తాగుతడా సార్? ముందు అది చెప్పండ్రి, తర్వాత పేరు చెప్త" అన్నది. సాహిత్య విమర్శకు ఇంతకంటే సూటి గీటురాయి నాకింతవరకు కనబడలేదు. ఆ గీటురాయిని మన ప్రాంతపు కవుల మీదే పెట్టి చూద్దాం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు మూడూ పాత వరంగల్ నుంచి విడివడినవి. ఇక్కడ కవులకు కొదవ లేదు. కలం పట్టిన చేతితోనే హలమూ పట్టాడని చెప్పుకొనే పోతనది బమ్మెర. నిజామును ఎదిరించి జైలుపాలైన దాశరథి కృష్ణమాచార్య, 'చిల్లర దేవుళ్లు'లో దొరల రాజ్యాన్ని, వెట్టిని చిత్రించిన ఆయన తమ్ముడు రంగాచార్య మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరు వారు. వారితో కూర్చున్నా సాయంత్రం వృథా కాదు. అయినా నేను ఎంచుకునేది బమ్మెరకు కూతవేటు దూరంలోని పాలకుర్తి కవి పాల్కురికి సోమనాథుణ్ణి. ఆ అమ్మాయి వేసిన ప్రశ్నను కాకతీయుల కాలంలోనే కావ్యంలోకి తెచ్చినవాడు ఆయనే.

ఏం తాగుతామన్నది చిన్న చిక్కు. సోమన నిష్ఠగల వీరశైవుడు కనుక కల్లు ముట్టడు. చాయ్ ఆయన కాలానికి లేదు. మిగిలింది మంచినీళ్లు. నిజానికి ఈ దేశంలో కులాన్ని పరీక్షించడానికి మంచినీళ్లను మించిన పానీయం లేదు.

సోమన 'బసవపురాణం' ద్విపదలో నడిచింది. పండితులు చిన్నచూపు చూసిన దేశి ఛందస్సును కావ్యానికి ఎక్కించడం ఒక తిరుగుబాటు. ఆ పీఠం మీద ఎవరిని కూర్చోబెట్టాడన్నది అంతకంటే పెద్ద తిరుగుబాటు. శివుడికి మాంసం పెట్టిన బోయ కన్నప్ప అందులో ఉన్నాడు. బిజ్జలుడి బలగానికి బెదరని చాకలి మడివాలు మాచయ్య ఉన్నాడు. ఉల్లి వాసనను బసవడు ఈసడిస్తే కిన్నర బ్రహ్మయ్య నొచ్చుకొని వెళ్లిపోతాడు. అతన్ని శాంతింపజేయడానికి బసవడు ఉల్లిగడ్డలకే ఉత్సవం చేయవలసి వస్తుంది. పేదవాడి తిండిని అవమానిస్తే మంత్రి అయినా క్షమాపణ చెప్పుకోవలసిందేనన్న నీతి ఆ కథలో ఉంది. ఎవరేం తింటున్నారో ఆరా తీసి దాడులు చేస్తున్న నేటి కాలానికి అది పాత కథ కాదు.

సోమన రాసిన ఆ చాకలి కథకు పాలకుర్తి నేల శతాబ్దాల తర్వాత తన జవాబు చెప్పింది. అదే ఊళ్లో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, సంఘం అండతో తన పంటను తన ఇంటికి చేర్చుకున్నది. అక్కడికి దగ్గరలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. మాచయ్య కథ ఐలమ్మ చెవిన పడిందో లేదో నేను చెప్పబోవడం లేదు. పాలకుర్తి పేరు చెప్పగానే ఆ కవీ, ఆ రైతు మహిళా ఒకేసారి గుర్తుకు రావాలన్నదే నా మాట. మన పాఠ్యపుస్తకాల్లో వారిద్దరూ ఎన్నడూ కలుసుకోరు. ఆయన ఛందస్సు పాఠంలో, ఆమె సాయుధ పోరాట పాఠంలో వేరువేరుగా ఉండిపోయారు.

ఇంత గౌరవం ఉన్నా, సోమనతో కూర్చుంటే నేను పొగడ్తలతో సరిపెట్టను. ఆయనను అడగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి.

మొదటిది శివనాగుమయ్య గురించి. అంటరాని కులంలో పుట్టిన ఈ భక్తుణ్ణి బసవడు ఆదరిస్తే, బ్రాహ్మణులు బిజ్జలుడికి ఫిర్యాదు చేస్తారు. అప్పుడు శివనాగుమయ్య దేహం నుంచి నెత్తురు కాక పాలు కారి అతని పవిత్రత రుజువవుతుంది. అయ్యా సోమనా, పాలెందుకు కారాలి? ఫిర్యాదు చేసినవారి ఒంట్లో ఉన్నదీ నెత్తురే కదా! అందరిలాగే నెత్తురు కారితే అతను మనిషి కాకుండా పోతాడా? దళితుడు సాటి మనిషిగా నిలబడాలంటే మానవాతీతుడని నిరూపించుకోవాలన్న షరతు ఆ కథలో ఉంది. ఆ షరతు నేటికీ తొలగలేదు. రిజర్వేషన్ ద్వారా వచ్చిన విద్యార్థి మొదటి ర్యాంకు తెచ్చుకుంటే తప్ప ప్రతిభ లేనివాడే అని తీర్పు చెప్పే మా విశ్వవిద్యాలయాలు, ఇప్పటికీ అతని ఒంట్లోంచి పాలే కారాలని అడుగుతున్నాయి.

రెండవది 'భవి' అన్న మాట గురించి. శివదీక్ష లేనివాడు భవి. అతనితో పొత్తు కూడదని సోమన నమ్మిన మతం చెబుతుంది. ఆయన కావ్యంలో జైనుల పట్ల కనబడే కాఠిన్యం కూడా ఈ నమ్మకం నుంచి వచ్చినదే. పుట్టుకతో కట్టిన గోడను కూల్చి, ఆ రాళ్లతోనే విశ్వాసంతో మరో గోడ కడితే లాభమేమిటి? మెడలో లింగం లేని నేను ఇచ్చే నీళ్లు ఆయన తాగుతాడా? తండా అమ్మాయి ప్రశ్న ఇక్కడ కులం దాటి మతం దగ్గరికి చేరుతుంది. ఎవరిని కలుపుకున్నామన్నది సగం లెక్క. ఎవరిని బయట నిలిపామన్నది మిగతా సగం.

మూడవదే అసలు ప్రశ్న. కల్యాణంలో బ్రాహ్మణ మధువరసు కూతురికి, చర్మకార హరళయ్య కొడుకుకు పెళ్లి జరిగిందనీ, అందుకే రాజు ఆ తండ్రులను శిక్షించాడనీ, దాంతోనే కల్యాణం అట్టుడికిందనీ కన్నడ సంప్రదాయం చెబుతుంది. సోమన కావ్యంలో అల్లయ్య, మధుపయ్యల కళ్లు తీయించడం ఉంది, దానికి ప్రతీకారంగా బిజ్జలుడి వధ ఉంది. ఆ పెళ్లి మాత్రం లేదు. అది తరువాతి కాలపు కల్పనా, లేక సోమన వదిలేసిన సంగతా అన్నది చరిత్రకారుల చర్చ. నా ఆసక్తి వేరు. కలిసి తినే కథలను అంత ప్రేమగా చెప్పిన కవి నోట, కులాంతర వివాహం మాట రాకపోవడం నన్ను ఆలోచనలో పడేస్తుంది. కులం తన ఆఖరి కోటను ఎక్కడ కట్టుకుందో ఆ మౌనం చూపిస్తున్నది.

1936లో 'కులనిర్మూలన'లో అంబేడ్కర్ సరిగ్గా ఇదే చెప్పారు. సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేవనీ, కులాంతర వివాహమే అసలు మందు అనీ, దానికి అడ్డుపడే శాస్త్రాల పవిత్రతను కూల్చాలనీ ఆయన వాదన. మన జిల్లాలను చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. మొఘలులను ధిక్కరించిన సర్వాయి పాపన్న ఖిలాషాపురం ఉన్న జనగామలో, గౌడ్ దించిన కల్లును అన్ని కులాలవారూ తాగుతారు. ఆ గౌడ్ ఇంటికి పిల్లనిమ్మని అడిగితే మాత్రం మాట మారుతుంది. గౌడ్ కూడా తన కంటే కింద ఉన్న కులం దగ్గర అదే మాట మాట్లాడతాడు. భూపాలపల్లి సింగరేణి బాయి లోపల దాహం వేస్తే ఒకే సీసా చేతులు మారుతుందని విశ్రాంత కార్మికులు నాతో చెప్పారు. బాయి పైకి వచ్చాక, బిడ్డ పెళ్లి దగ్గర ఎవరి కులం వారిదే అన్నదీ వారి మాటే. గ్లాసు ఒకటైంది, గడప ఒకటి కాలేదు. ఆ గడప దాటినందుకే 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్ ప్రాణం పోయింది.

కులాంతర వివాహానికి తెలంగాణ ప్రభుత్వం రూ. 2.5 లక్షల ప్రోత్సాహకం ప్రకటించింది. మంచిదే. కానీ ఇంటి నుంచి పారిపోయి వచ్చిన జంటకు ఆ రాత్రి కావలసింది తలదాచుకునే చోటు, తల్లిదండ్రుల పక్షాన పంచాయితీ చేయని పోలీసు స్టేషను. పౌరహక్కుల దినాన భోజనం చేసి వెళ్లే అధికారులు, ఆ ఊళ్లో కులాంతరం చేసుకున్న జంటలు ఎక్కడ ఉన్నాయో, ఎలా ఉన్నాయో కనుక్కొని వెళితే ఆ దినానికి అర్థం వస్తుంది. విద్యార్థి సంఘాలు అలాంటి జంటలకు అండగా నిలబడితే అది వంద సభల పెట్టు. తెలుగు శాఖలు సోమనను ద్విపద గణాల దగ్గర ఆపకుండా ఐలమ్మ పక్కన కూర్చోబెట్టి చదివించాలి.

గొప్ప కవులతో కలిసి తాగాలని కోరుకోవడంలో తప్పు లేదు. వారి ముందు చేతులు కట్టుకుని నిలబడకుండా, సమానుడిగా కూర్చుని నిలదీయగలగడమే ఆ కోరికకు గౌరవం. సోమన నీళ్లు తాగితే సంతోషం. తాగకపోతే, ఎందుకు తాగలేదో ఆయన చేత చెప్పించడం మన తరం బాధ్యత.